నళిని పేరు మీద ఆర్డరు

“ఇదే నీ కూతురు. కావాలంటే పిలుచుకొని పో, వద్దంటే వదిలేయ్. నాకు ఇంకా అరవై మంది ఉండారు చూసుకోవల్సిన వాళ్ళు,” అంది ప్రభుత్వ బాలికల సదనం సూపరింటెండెంట్ అనసూయ.

“నా బిడ్డ కాదమ్మా ఇది,” అంది సొన్నమ్మ.

ఆ గదిలో ఆమె ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. కిందటిసారి వచ్చినప్పుడు అరిచింది, అంతకు ముందు కాళ్ళు పట్టుకుంది. ఇప్పుడు గొంతులో సత్తువ లేదు. బాగేపల్లి దగ్గర పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన ఆ మనిషికి ప్రభుత్వం వారు ఒక పిల్లను చూపించి, ఇదే నువ్వు కన్న పిల్ల అని నచ్చజెప్పాలని చూస్తున్నారు. ప్రభుత్వం చెబితే వినాలి కదా అన్నట్టు ఉంది వాళ్ళ వరస.

బల్ల ముందు నిలబడ్డ పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. నీలం గౌను వేసుకుంది. కాలరు పక్కన ఎర్రదారంతో ముప్పై రెండు అని కుట్టి ఉంది. కళ్ళు నేలకు అతికించుకుని నిలబడింది.

“నీ పేరేంటమ్మా?” అని అడిగింది డిటెక్టివ్ వరూధిని.

“గంగరత్న.”

“చూసినారా? పిల్లే చెప్తా ఉండాది,” అంది అనసూయ. “గుండు గీస్తే కన్నతల్లికి కూడా మొహం తేడాగా కనిపిస్తాది. ఇట్లాంటివి నేను చానా చూసినాను.”

“కడుపున మోసినదాన్ని, నాకు తెలీదా?” అని సొన్నమ్మ వరూధిని వైపు తిరిగింది. “మీరైనా చెప్పండి తల్లీ. నా గంగరత్న యాడుండాదో అడగండి.”

వరూధిని ఆఫీసు బళేపేటలో, ఒక గాజుల దుకాణం మేడ మీద. సంబంధాలు కుదిరేముందు పెళ్ళికొడుకుల గుట్టు లాగడం ఆమెకు కూడు పెట్టే పని. గంగరత్న ఆ కింది దుకాణంలోనే డజన్లకు డజన్లు గాజులకు దారాలు కడుతుండేది. లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు దాడి చేసి పిల్లను పట్టుకుపోయారు. పదిహేను రోజుల తర్వాత కబురు తెలిసి సొన్నమ్మ దుకాణం ముందు గుండెలు బాదుకుంటుంటే, ఆమెను వదిలించుకోవడానికి దుకాణం యజమాని మేడమెట్లు చూపించాడు. అలా వచ్చిన కేసు ఇది.

“మేడమ్, గంగరత్న ఇక్కడికి వచ్చిన రోజే ఇంకెవరైనా వచ్చారా?”

“ఇంకొకర్తె వచ్చింది. పొద్దున ఆ పిల్ల, మధ్యాహ్నం ఈ పిల్ల. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రోడ్డు మీద ఒంటరిగా పోతా ఉంటే పోలీసులు పట్టుకొచ్చిరి. నళిని అని. ఎవరింట్లోనో పనికి ఉండిందంట. అమ్మా నాయనా లేరు.”

“ఆ నళినిని నేను చూడొచ్చా?”

“ఎక్కడుండాది చూసేదానికి? పది రోజులు కాకముందే వాళ్ళ పిన్ని ఆర్డరు తెచ్చి పిలుచుకొని పోయె. శిశు సంక్షేమ సమితి వాళ్ళు సంతకం పెట్టిన ఆర్డరు. అంతా రూల్ ప్రకారమే.”

“ఎదురుగా ఉండి అప్పగించింది మీరేనా?”

అనసూయ కొంచెం తడబడింది. “ఆ రోజు నాకు మీటింగు. ఆయా ఫాతిమా అప్పగించింది. ఏమి, దాంట్లో తప్పేముండాది?”

“వరూధినీ,” అని పక్క కుర్చీలోంచి ఒక గొంతు సాగదీసింది. “పెళ్ళికొడుకు సిగరెట్ తాగుతాడా లేదా అని కనుక్కోవడం కాదు ఇది. గవర్నమెంట్ రికార్డే ఫాల్స్ అంటున్నారా?”

అది స్టాన్లీ. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఏజెన్సీలో పనిచేశారు. వరూధిని ఎండలో తిరిగి పట్టుకొచ్చిన ఆధారాలను స్టాన్లీ ఏసీ గదిలో కూర్చుని క్లయింటుకు వివరించేవాడు. క్లయింట్లు వాటిని అతనివే అనుకున్నారు. ఇప్పుడతనికి బ్రూక్‌ఫీల్డ్‌లో సొంత ఆఫీసుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరేవాళ్ళ పూర్వాపరాలు వెరిఫై చేసి పెడుతుంటాడు. ఇక్కడికి ఒక దత్తత ఎంక్వైరీ మీద వచ్చానని గుమ్మంలోనే చెప్పాడు. అతని నవ్వు చూస్తే చాలు, వరూధినికి ఒళ్ళు మండుతుంది.

“రికార్డు సంగతి తర్వాత. పిల్లలు పడుకునే హాలు చూస్తాను,” అంది.

“చూడండి. దాచేదానికి ఏముండాది ఇక్కడ,” అంది అనసూయ.

హాలు పొడుగ్గా ఉంది. పైన ఫ్యాన్లు కొత్తవి, కింద చాపలు పాతవి. ప్రతి చాపకు ఎదురుగా గోడ మీద పెయింటుతో ఒక నంబరు. ఆయా ఫాతిమా కిటికీ దగ్గర ఉతికిన గౌన్లు మడతపెడుతోంది.

“కొత్తగా వచ్చిన పిల్లల్ని ఏం చేస్తారు ఫాతిమమ్మా?”

“ఏం చేస్తాం మేడమ్, పేన్లు కదా, ముందు గుండు. తర్వాత స్నానం, గౌను, చాప. గౌను మీద ఏ నంబరో గోడ మీద అదే నంబరు. పేర్లు ఎవరికి గుర్తుంటాయి? నంబరుతోనే పిలుస్తాం. నళిని ముప్పై ఒకటి. గంగరత్న ముప్పై రెండు.”

“ఉతికిన గౌన్లు ఎవరివి వాళ్ళకే ఇస్తారా?”

ఫాతిమా చేతులు ఆగాయి. “సైజు చూసి ఇస్తాం. బిరబిరా బడికి తోలాలి కదా.”

“అంటే నళిని గౌను గంగరత్నకు పోవచ్చు.”

ఆయా తల వంచుకుని మళ్ళీ గౌను మడతపెట్టసాగింది.

“ఆ పిన్ని వచ్చిన రోజు నువ్వేమని పిలిచావు?”

“ముప్పై ఒకటి ఎవరు, ఇలా రండి అన్నాను. ఆ గౌను వేసుకున్న పిల్ల వచ్చింది. అప్పగించాను.”

“ఆ పిల్ల ఏమీ అనలేదా?”

“ఏడ్చింది మేడమ్. నేను కాదు, నేను రాను అని చానా ఏడ్చింది.” ఫాతిమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పోయేరోజు అందరూ అట్లనే ఏడుస్తారు. మేము పట్టించుకోం.”

పిల్ల నేను కాదు మొర్రో అని మొత్తుకుంటుంటే చెయ్యి పట్టుకుని కారెక్కించారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. గౌను మీద నంబరు సరిపోయింది, అంతే.

పిల్లను పిలిపించింది. “నువ్వు రాత్రి ఎక్కడ పడుకుంటావు? వెళ్ళి చూపించు,” అంది. పిల్ల ఆలోచించకుండా నడిచి వెళ్ళి గోడవారగా ఒక చాప మీద కూర్చుంది. దాని ఎదురుగా గోడ మీద ముప్పై ఒకటి. పక్కనున్న ముప్పై రెండో చాప చుట్టేసి, గోడకు ఆనించి ఉంది.

“పోయింది ముప్పై ఒకటి కదా, ఖాళీగా ఉన్నది ముప్పై రెండో చాప. నువ్వు చూడలేదా?” అని అడిగింది వరూధిని.

“తలలు లెక్కపెడతాం మేడమ్. చాపలు ఎవరు చూస్తారు?” అంది ఫాతిమా.

గౌన్లు మారాయి గానీ, మొదటిరోజు అలవాటైన చోటు పిల్ల మార్చుకోలేదు. వరూధినికి విషయం తేలిపోయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆఫీసు గదిలో స్టాన్లీ కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. అతని ఎదుట గెలిచే అవకాశం వరూధినికి ఏడాదికొకసారైనా రాదు. మనిషన్నాక ఆ మాత్రం కక్కుర్తి ఉంటుంది.

పిల్లను తీసుకుని ఆఫీసులోకి వచ్చింది. “మేడమ్, ఇప్పుడు మీ ఫోన్ మోగుతుంది. మీరు తియ్యకండి,” అని అనసూయకు చెప్పి, సంచీలో చెయ్యి పెట్టి తన సెల్లులో ఆఫీసు నంబరు నొక్కింది. బల్ల మీద ఫోన్ మోగింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగింది. పిల్ల బల్ల వంక చూసింది, పెద్దవాళ్ళ వంక చూసింది. వాళ్ళు ఊరుకుంటే తనకే చివాట్లు పడతాయన్నట్టు గబగబా వెళ్ళి రిసీవరు ఎత్తింది.

“హలో, గుడ్ మార్నింగ్. హూ ఈజ్ స్పీకింగ్ ప్లీజ్?” అంది. అవతలి నుంచి జవాబు రాకపోయేసరికి, “సర్ ఈజ్ ఇన్ ద బాత్,” అని చేర్చింది.

సొన్నమ్మ నోరు తెరిచింది. “నా బిడ్డకు ఇంగ్లీషు ఎట్లొస్తాదమ్మా? అది ఫోను ముట్టి కూడా ఎరగదు!”

“విన్నారా మేడమ్?” అంది వరూధిని. మాట అనసూయతో, చూపు స్టాన్లీ మీద. “బళేపేట దుకాణంలో గాజులకు దారం కట్టే పిల్లకు ఈ మర్యాద ఎవరు నేర్పారు? ఇది పెద్దింట్లో పనికున్న పిల్ల. పడుకునేది ముప్పై ఒకటో చాప మీద. వేసుకున్నది ముప్పై రెండో గౌను. ఈ పిల్ల నళిని. ఆ పిన్ని తీసుకుపోయింది గంగరత్నని. సొంత పిన్నే అయితే మొహం చూసి ఎందుకు గుర్తుపట్టలేదు? ఆమె ఈ పిల్లను ముందెప్పుడూ చూడలేదు కాబట్టి!”

స్టాన్లీ ముఖంలో నవ్వు పోయింది. వరూధిని ఆ ముచ్చట కళ్ళారా చూసుకుంది. అతను లేచి పిల్ల దగ్గరికి వచ్చి గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి చూశాడు.

“సో, దిస్ ఈజ్ నళిని,” అన్నాడు. “వెల్ డన్ వరూధినీ. రియల్లీ. ఒక్క కాల్ చేసుకుని వస్తాను.”

బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, చెట్టు కింద సెల్లు చెవికి పెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి పదకొండున్నర.

పిల్ల రిసీవరు ఇంకా చేత్తో పట్టుకునే ఉంది.

“ఎందుకక్కా చెప్పేస్తివి?” అంది. గొంతులో కోపం లేదు. “గంగరత్న అని ఉంటే వాళ్ళు రారని నేను ఊరికే ఉంటిని.”

వరూధిని మోకాళ్ళ మీద కూర్చుంది. “ఎవరు రారు నళినీ?”

“సారు వాళ్ళు. మా ఇంట్లో జెస్సీ అక్క అని ఇంకొకర్తె ఉండె. నాకంటే పెద్దది. మిద్దె మీద నుంచి పడి సచ్చిపోయిందని చెప్పిరి. పడలేదక్కా. సారు తోసినాడు. నేను అక్కడే బట్టలు ఆరేస్తా ఉంటిని.”

సొన్నమ్మ ఆ పిల్ల గుండు మీద చెయ్యి వేసింది.

“ఏ సారు?” అంది వరూధిని.

“లక్ష్మీనారాయణ సారు. ఇక్కడికి కూడా వస్తాడు. మొన్న లడ్లు పంచినాడు. నేను బాత్రూములో దాక్కుంటిని.”

అనసూయ తల ఎత్తి పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది. హాల్లో ఫ్యాన్లు, ఈ గదిలో ఫ్యాను, వంటింట్లో కొత్త పొయ్యి, అన్నీ ఆ కాంట్రాక్టరు లక్ష్మీనారాయణ దానమే.

“మేడమ్,” అంది వరూధిని. “స్టాన్లీ మీ దగ్గరికి ఏం పని మీద వచ్చాడు?”

“హాలు రిపేరికి ఎస్టిమేటు వేసేదానికని చెప్పె. లక్ష్మీనారాయణ సారు పంపించినాడు కదా. మీకు తెలీదా?”

తెలీదు. దత్తత అంటే నమ్మింది. ఎదుటివాడు ఎందుకు వచ్చాడో కనుక్కోవడమే తన వృత్తి అయిన మనిషి, వాడి ముందు గొప్పలు పోయే తొందరలో ఆ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయింది. లక్ష్మీనారాయణ ఇన్నాళ్ళూ నళిని తన గుప్పిట్లో ఉందని నిశ్చింతగా ఉన్నాడు. ఒక తల్లి వచ్చి గొడవ చేస్తోందని తెలిసి మనిషిని పంపాడు. ఆ మనిషికి వరూధిని దగ్గరుండి పిల్లను చూపించి, పేరు చెప్పి, రుజువుతో సహా అప్పగించింది.

“ఈ పిల్లను నాతో పంపండి,” అంది లేస్తూ.

“ఏ హక్కుతో?” అంది అనసూయ. “గేటు దాటిస్తే నా చేత్తోనే మీ మీద కిడ్నాప్ కేసు రాయవల్సి వస్తాది. అమ్మా నాయనా లేని పిల్లకు సర్కారే అమ్మా నాయనా. మీరెవరు? నేనెవరు?”

వరూధిని పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఎత్తిన హెడ్ కానిస్టేబులు ఓపిగ్గానే విన్నాడు. జెస్సీ కేసు ప్రమాదమని మూసేశామన్నాడు. పిల్ల ఏమైనా చెప్పదల్చుకుంటే సంరక్షకురాలిని వెంటబెట్టుకుని వచ్చి రాసివ్వమన్నాడు. రికార్డులో నళిని సంరక్షకురాలు ఎవరు? పిన్ని. ఆ పిన్నిని వెంటబెట్టుకు రావాలట.

అనసూయ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ మాట చెప్పుకోవాలి. సమితి ఆఫీసుకు తనే ఫోన్ చేసింది, నిలబడి మాట్లాడింది, బతిమాలింది. రిసీవరు పెట్టేశాక కుర్చీలో కూలబడింది.

“సమితి మళ్ళీ కూర్చునేది మంగళవారమంట. అంతదాకా ఉన్న ఆర్డరు చెల్లుతాది అన్నారు. ఏమైనా ఉంటే రాసి పంపమన్నారు.”

“ఈరోజు బుధవారం కదండీ!”

“నాకు తెలీదా?”

మూడు గంటలకు కారు వచ్చింది. ముందు స్టాన్లీ దిగాడు. వెనక నుంచి పట్టుచీర కట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ, ఆమె చెయ్యి పట్టుకుని గుండు చేసిన ఒక పిల్ల.

“గంగీ!” అని సొన్నమ్మ పెట్టిన కేకకు హాల్లో పిల్లలంతా కిటికీల దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. తల్లీబిడ్డలు మట్టిలోనే కూలబడి ఒకరినొకరు వాటేసుకున్నారు. వాళ్ళను చూసి ఫాతిమా వెక్కి వెక్కి ఏడ్చింది.

స్టాన్లీ కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. “అదే ఆర్డరు మేడమ్. పొరపాటున వేరే పిల్లను ఇచ్చారు. మా వాళ్ళు మర్యాదగా తెచ్చి అప్పగించారు, కంప్లెయింట్ కూడా ఇవ్వడం లేదు. ఇప్పుడు సరైన పిల్లను ఇప్పించండి.”

“ఈమె పిన్ని కాదు,” అంది వరూధిని. “స్టాన్లీ, ఆ పిల్ల ఏం చూసిందో నీకు తెలుసా?”

“నా పని వెరిఫికేషన్. పిల్ల ఐడెంటిటీ కన్ఫర్మ్ చెయ్యాలి. మీరే చేసి పెట్టారు.” అతని మొహంలో గెలిచిన సంతోషం కూడా కనిపించలేదు. చూపు తప్పించి గోడ గడియారం చూశాడు.

వరూధిని గుమ్మానికి అడ్డం నిలబడింది. “మేడమ్, మంగళవారం దాకా ఆపండి. పిల్లకు జ్వరమని రాయండి. ఏదో ఒకటి చెయ్యండి.”

“ఏను మాడ్లి నాను?” అంది అనసూయ. ఏం చెయ్యమంటారు నన్ను అని కన్నడంలో తనను తనే అడుక్కున్నట్టు అంది. “రెండు గంటలకు పైనుంచి ఫోన్ వచ్చె. ఈ పొద్దు పంపకపోతే నన్ను సస్పెండ్ చేస్తారంట. రేపు నా కుర్చీలో కూర్చునేవాడు పొద్దున్నే పంపుతాడు. ఆర్డరు నళిని పేరు మీద ఉండాది. నళిని ఎవరో మీరే తేల్చి చెప్పినారు కదమ్మా. నాకు తెలీదు అనేదానికి కూడా లేకుండా చేస్తిరి.”

వరూధిని గుమ్మం విడిచి పక్కకు జరిగింది.

నళిని ఏడవలేదు, గింజుకోలేదు. ఫాతిమా గౌను విప్పించి, ఏవో పాత బట్టలు తొడిగి తీసుకొచ్చింది. కారు దగ్గర ఆ లావుపాటావిడ వంగి పిల్ల కాళ్ళకు ఏదో తొడిగి లోపలికి ఎక్కించింది. తలుపు పడింది. కారు నంబరు వరూధిని మనసులో రాసుకుంది. అంతకు మించి చెయ్యగలిగింది ఆమెకు ఏమీ కనిపించలేదు. గేటు తెరుచుకుంది, మూసుకుంది.

సొన్నమ్మ పరుగున వచ్చి వరూధిని కాళ్ళ మీద పడింది. “మీ రుణం ఎట్లా తీర్చుకుందు తల్లీ! నా బిడ్డను నాకు తెచ్చిస్తిరి. ఆ పిల్లకు కూడా ఆ సారు కాకుండా సొంత పిన్నే దొరికె కదా, పిలుచుకొని పోతా ఉండారు. సల్లగుండనీ పాపం.”

వరూధిని ఆమెను లేవనెత్తింది. నిజం చెబితే ఈ ఒక్క సంతోషం కూడా మిగలదు.

“గంగరత్నా, నిన్ను ఎక్కడ పెట్టారమ్మా?” అని అడిగింది.

“ఆనేకల్ దగ్గర తోటలో. ఒక్క గది. బయట గొళ్ళెం పెడతా ఉండిరి. నేను నళిని కాదంటే కొడతా ఉండిరి.” తల్లి కొంగు పట్టుకుని ఆ పిల్ల రోడ్డు వైపు చూసింది. దాని మొహం ముడుచుకుపోయింది. “అమ్మా, ఆ పిల్ల నా చెప్పులేసుకొని పాయె.”

“యా చెప్పులే?”

“కొత్తవి. ఎర్రవి. నిన్న కొనిచ్చిరి నాకు. కారులోనే ఊడబీకి ఆ పిల్లకిచ్చిరి.”

“పోనీలే, నేను కొనిస్తా,” అని సొన్నమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. “బళేపేటకు పోయి ఇంతకంటే మంచివి కొనిస్తా.”

వరూధిని నవ్వలేదు. “నీకెందుకు కొన్నారమ్మా కొత్త చెప్పులు?”

“ఈ రాత్రికి రైలెక్కల్ల, రెండు రోజులు పోవల్ల, కాళ్ళు కాలతాయని కొన్నారు.”

“ఏ ఊరికి?”

“ఊరి పేరు చెప్పలేదు,” అంది గంగరత్న. “అక్కడ నువ్వు ఏం మాట్లాడినా ఎవరికీ అర్థం కాదు, నీ ఇష్టమొచ్చింది చెప్పుకో పో అనిరి.”